తెర మూలన ఓ చుక్క!

మీరు సినిమాకి ఎందుకు వెళతారు? హీరో కోసం, పాటల కోసం, ఫైట్ల కోసం... అంతేనా? నేనైతే ఒకప్పుడు తెర మీద కుడివైపు పై మూలన తళుక్కుమనే ఓ చుక్క కోసం వెళ్ళేవాణ్ణి! నవ్వకండి, నిజం సుమండీ!

మాది భువనగిరి. ఒకే బండగా నిలబడ్డ కొండ, దాని మీద చాళుక్యుల నాటి కోట... సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు రైల్లో పోయేవాళ్ళు కిటికీలోంచి చూసే ఉంటారు. టెన్త్ చదివే రోజుల్లో, 2006లో, నాకో పిచ్చి పట్టుకుంది. చూసిన ప్రతి సినిమాకీ ఎర్రట్ట నోటుబుక్కులో ఒక్క ముక్క రాయడం. కథ కాదు, హాల్లో నాకు దొరికిన ఓ చిన్న సంతోషం! "ఇంటర్వెల్లో తలుపు తియ్యగానే మిర్చి బజ్జీల వాసన." "కరెంటు పోగానే హాలంతా ఒకేసారి వేసిన ఈల." "చిరిగిన గులాబీ రంగు టికెట్టు, జేబులో తడిసిపోయింది." ఇలాంటివన్నమాట!

ఇక చుక్క సంగతి. దాని గుట్టు మా హాలు ఆపరేటరు చెప్పాడు. సెకనుకి 24 బొమ్మలు. 2,000 అడుగుల రీలు సుమారు 22 నిమిషాలు ఆడుతుంది. అయిపోయే ముందు మూలన మొదటి చుక్క పడుతుంది. అంటే రెండో ప్రొజెక్టరు మోటారు వెయ్యమని. ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క. అంటే ఇటు మూసి అటు తెరవమని! అది తెలిశాక నేను సీట్లో కుదురుగా కూర్చుంటే ఒట్టు. "నాయినా, చుక్క!" అని మోచేత్తో పొడిచేవాణ్ణి. "సప్పుడు జెయ్యకు, కత జూడు" అనేవాడు మా నాయిన. నాలుగు సినిమాలు పోయాక చూస్తే, నా కంటే ముందు ఆయనే పొడుస్తున్నాడు!

1957 నాటి 'మాయాబజార్' 2010లో రంగుల్లో విడుదలైనప్పుడు ఇద్దరం రైలెక్కి హైదరాబాద్ వెళ్ళాం. బయటికి వచ్చాక అడిగాను, "ఎట్లున్నది నాయినా?" అని. "మంచిగనే ఉన్నది... గని నా చిన్నప్పుడు జూసినప్పుడు గూడ నాకు గివే రంగులు కనపడ్డయిరా!" ఆ రాత్రి అదే మాట రాసుకున్నాను.

తర్వాత డిగ్రీ అయింది. పత్రికలకి రాయడం మొదలైంది. వ్యాసానికింతని డబ్బులు! సినిమా చూస్తూ చీకట్లోనే తప్పులు ఏరడం, బయటికి రాగానే రెండున్నరా మూడా అని మార్కులు వెయ్యడం. 2014లో నోటుబుక్కు ట్రంకు పెట్టెలోకి పోయింది. "సిన్మకు పోదామారా?" అని నాయిన ఫోను చేస్తే, "పొద్దుగాలనే చూసిన నాయినా" అనేవాణ్ణి. 2021లో ఆయన పోయాడు. ఆ ఏడేళ్ళలో ఆయన పక్కన కూర్చుని ఒక్క సినిమా కూడా చూడలేదు నేను.

పోయిన నెల అమ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే ఎర్రట్ట బయటపడింది. కూర్చుని మొత్తం చదివాను. చిత్రమేమిటంటే, సగం సినిమాల కథలు నాకు గుర్తే లేవు. బజ్జీ కొన్నదెవరు, ఈల వేసిందెవరు, తడిసిన టికెట్టు ఎవరి జేబులోది... అన్నీ గుర్తున్నాయి. సినిమా గురించి రాశాననుకున్నాను గానీ, అదంతా మా నాయిన గురించే!

ఆ సాయంత్రమే అమ్మని ఫస్టు షోకి తీసుకెళ్ళాను. ఇప్పుడు రీళ్ళు లేవు, అంతా డిజిటల్. అయినా నా కళ్ళు పాత అలవాటుగా ఆ మూలకే పోయాయి. చుక్క ఎక్కణ్ణుంచి వస్తుంది! సినిమా అయిపోగానే అందరూ లేచారు. నేనూ లేచాను. అమ్మ లేవలేదు. చదువు రాదు ఆవిడకి. "ఇంక పేర్లు పడుతున్నయి గద, కూసో. గింతమంది కష్టపడ్డరు" అంది.

కూర్చున్నాను. చివరి పేరు దాకా!

ఆ రాత్రి పన్నెండేళ్ళ తర్వాత నోటుబుక్కు తెరిచి తేదీ వేశాను. సినిమా పేరు కింద ఒక్కటే ముక్క: "అమ్మ లేవలేదు."

ఈసారి హాలుకి వెళ్ళినప్పుడు మీరూ ఓ ముక్క రాసి చూడండి. మార్కులదేముంది, రేపైనా వెయ్యొచ్చు. పక్క సీట్లో ఎవరున్నారో మాత్రం మర్చిపోకండేం!