ఆకాశవాణి ఇంట దూరదర్శన శిశువు

ఉత్తర అండమాన్‌లో, 732 మీటర్ల శాడిల్ శిఖరానికి చేరువలో డిగ్లీపూర్ ఉన్నది. నేడు అక్కడి ఇంట టెలివిజన్ మీట నొక్కినంతనే ఉపగ్రహం మీదుగా దేశం నలుమూలల దృశ్యాలూ దిగివస్తాయి. మన దేశంలో ఆ దృశ్యానికి పుట్టినిల్లు అక్కడికి రెండు వేల కిలోమీటర్లకు పైబడిన దూరాన, ఢిల్లీ పార్లమెంటు వీధిలో ఉన్నది. ఆ వీధిన నడిచినవారు ఎందరో. దానిని ఆ దృష్టితో చూసినవారు అరుదు.

అది ఆకాశవాణి భవనం. వైస్రాయిల నాటి గుమ్మటాలను, స్తంభాల వరుసలను చూసివచ్చిన కంటికి ఈ నిరాడంబరమైన ఆధునిక కట్టడం ఆనదు. తెలుగువారికి మాత్రం ఢిల్లీ ఆకాశవాణి పరాయిది కాదు. అక్కడ తెలుగు వార్తలు చదివినవారిలో ప్రఖ్యాత నటుడు కొంగర జగ్గయ్య ఒకరు.

చెవికోసం వెలసిన ఆ ఇంట కంటికి చోటు దొరికినది 1959 సెప్టెంబరు 15న. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభోత్సవం చేశారు. స్టూడియో అంటే ఏమో అనుకొనేరు! తాత్కాలికంగా సర్దుకున్న చిన్న చోటు. రేడియోకు నిశ్శబ్దమైన గది, ఒక మైకు చాలును. టెలివిజన్‌కు కెమెరాలు కదలాలి, దీపాలు వెలగాలి, వెనుక తెరలు నిలవాలి. ట్రాన్స్‌మిటర్ శక్తి 500 వాట్లు. ప్రసారం చేరేది సుమారు 40 కిలోమీటర్లు. అటువంటి యంత్రాన్ని డిగ్లీపూర్‌లోనే నిలిపినా బొమ్మ రంగత్ వరకైనా పోదు. సముద్రం మాట సరేసరి.

వారానికి రెండు రోజులు, రోజుకు ఒక గంట. అదైనా వినోదానికి కాదు. యునెస్కో ఇచ్చిన 20,000 డాలర్ల సాయంతో టెలీక్లబ్బులు వెలిశాయి. ఇరుగుపొరుగులు ఒకచోట చేరి ఆరోగ్యం, పౌరధర్మాలు వంటి విషయాలను చూసేవారు, ఆపై చర్చించుకొనేవారు. ఇప్పటి మన ఇళ్లలో కరవైనది ఆ రెండవ పనే.

1961లో పాఠశాలలకు పాఠాలు మొదలైనవి. 1965లో ప్రసారాలు నిత్యమైనవి. వార్తలు చదివిన ప్రతిమా పురి ముఖం ఢిల్లీవాసులకు పరిచితమైనది. 1967 జనవరి 26న ‘కృషి దర్శన్’ పరిసరాలలోని 80 గ్రామాల రైతులను పలకరించింది. అయినా 1972లో బొంబాయి కేంద్రం తెరచేవరకు, అంటే పదమూడేళ్లపాటు, దేశానికంతకూ టెలివిజన్ కేంద్రం ఢిల్లీ ఒక్కటే!

1975 ఆగస్టులో ఉపగ్రహ ప్రయోగం ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు దృశ్యాన్ని చేర్చింది. వాటిలో తెలుగు పల్లెలూ ఉన్నాయి. 1976 ఏప్రిల్ 1న, ఉమ్మడి కుటుంబంలోని చిన్నకొడుకు వేరుకాపురం పెట్టినట్లు, దూరదర్శన్ ఆకాశవాణినుండి విడివడింది.