అడవి కావలివారి వెంట

పులిని చూడవలెనని అడవికి పోవువారు పెక్కుమంది. పులిని కాచువారి వెంట నడువవలెనని పోవువారు కొలదిమంది. ఈ రెండవ తెగ యాత్రికులను గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

సిద్దిపేట జిల్లా దౌల్తాబాదు ప్రాంతపు రైతులకు అడవిపందుల బెడద క్రొత్త గాదు. అచ్చటికి పడమటగా, మెదకునకు ఆవల, పోచారము అభయారణ్యము గలదు. ఒకప్పుడు నిజాము వేటకై ఉంచుకొనిన ఆ అడవి 1952లో అభయారణ్యమైనది. వేటతావు కాపుతావైనది గాని, లోకములో వేట మానలేదు. తుపాకి విడిచి తీగ పట్టినది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి వేట నేరము. అయినను దొంగవేటగానికి కావలసిన సాధనములు చవకైనవి: బ్రేకు తీగతో పన్నిన ఉచ్చు, ఎరలో దాచిన నాటుబాంబు, కరెంటు స్తంభమునుండి లాగిన తీగ. పందికై పన్నిన ఉచ్చునకు పులి యని తెలియదు. కరెంటు తీగకు పశువును మనిషియు నొక్కటే. చేనికి పోయిన రైతు అట్టి తీగ తగిలి ప్రాణము విడిచిన వార్తలు మన పత్రికలలో పలుమారులు వచ్చినవి.

ఈ ఉచ్చులను వెదకుటయే కావలివారి పని. నల్లమలలో 2,611 చదరపు కిలోమీటర్లు వ్యాపించిన అమ్రాబాదు పులుల అభయారణ్యములో వారికి అడవి నడుమనే మకాములు గలవు. వారిలో చెంచులు పెక్కురు. నీటి చెలమల యొద్ద, జంతువుల బాటలపై వారు కాలినడకను సాగుదురు. నాటిన మేకు, వంచి కట్టిన కొమ్మ, చల్లారిన బూడిద - మనకు కానరానివి వారికి అక్షరములవలె కనబడును.

యాత్రికుని కిందు చోటెక్కడ? కేరళలోని పెరియార్ దీనికి సమాధానము చెప్పినది. ఒకప్పుడు దొంగతనముగా చెట్ల బెరడు ఒలిచి బ్రతికినవారే, 1990ల చివర నుండి అచ్చట యాత్రికులకు దారి చూపుచున్నారు. చిన్న జట్టు, వెంట తుపాకి గల అటవీరక్షకుడు, రాత్రి గుడారములో బస. యాత్రికు డిచ్చు రుసుము వారి కుటుంబములకు జీవనము. వారు నడచినంత మేర అడవికి కావలి. మనుష్యులు నిత్యము తిరుగు బాటలో ఉచ్చు పన్నుటకు దొంగ జంకును గదా!

అట్లని ఇది సాహసక్రీడ గాదు. అటవీశాఖ అనుమతి లేనిదే కావలిదళముతో అడుగిడరాదు. ఉచ్చు కనబడిన తాకరాదు; దళనాయకునికి చూపవలెను. మకాముల జాడ, జంతువుల జాడ నలుగురిలో చాటరాదు. జూలై మొదలు సెప్టెంబరు వరకు పెక్కు పులుల అభయారణ్యముల లోపలి భాగము యాత్రికులకు మూసియుండును.

అడవికి పోలేని శ్రోతలకును ఇందు పాలు గలదు. చేని గట్టున కరెంటు తీగ కనబడినచో విద్యుత్తు సిబ్బందికి, అటవీ అధికారులకు వెంటనే తెలుపుడు. పంటనష్టమునకు పరిహారము కోరుచు అటవీశాఖకు అర్జీ పెట్టుకొనుటకు రైతునకు వీలున్నదని ఇరుగుపొరుగులకు చెప్పుడు. ఆ ఒక్కమాట పంది ప్రాణముతో పాటు పొరుగువాని ప్రాణమును గాచును.