పాచికకు లేని జ్ఞాపకం

ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడే ఆటలకు పాత చిక్కు ఒకటుంది. చదరంగంలో ఆట బాగా వచ్చినవాళ్లే ఎప్పుడూ గెలుస్తారు; వరసగా ఓడిపోతున్న పిల్ల కొన్నాళ్లకు బల్ల దగ్గరికే రాదు. వైకుంఠపాళిలో నాలుగేళ్ల మనవరాలికీ తాతగారికీ గెలిచే అవకాశం సమానమే. అయితే ఇద్దరికీ చేయడానికి ఏమీ లేకపోవడం వల్ల వచ్చిన సమానత్వం అది: పందెం ఎంత పడితే అంత జరగడం, పాము మింగితే దిగడం. 2008లో వచ్చిన డొమినియన్ అనే పేకాట ఈ రెండింటికీ నడుమ చోటు వెతుక్కుంది. దాన్ని తయారుచేసింది డొనాల్డ్ ఎక్స్. వక్కరినో అనే అమెరికన్. జర్మనీలో ఆ ఏటి మేటి ఆటకు ఇచ్చే ‘ష్పీల్ డెస్ యారెస్’ పురస్కారం 2009లో దానికి దక్కింది. ఆడుతూ ఆడుతూనే ఎవరి కట్ట వాళ్లు పెంచుకునే ‘డెక్ బిల్డింగ్’ ఆటలు ఆ తర్వాత వరసకట్టాయి. ఇవి కుటుంబాలకు ఎందుకు నప్పాయంటే చాలామంది బొమ్మలనో కథనో చూపిస్తారు. నాకు మాత్రం కారణం లెక్కల్లో కనిపిస్తుంది. ఈ ఆట అదృష్టాన్ని తీసేయకుండా దానికి జ్ఞాపకశక్తినిచ్చింది. ముందున్నవాళ్ల నెత్తిన బరువు కూడా పెట్టింది.

మొదట అందరికీ ఒకేలాంటి పది ముక్కలు ఇస్తారు. ఒక్కో నాణెం విలువ చేసే కాపర్లు ఏడు, కొనుగోలుకు ఎందుకూ కొరగాని ఎస్టేట్లు మూడు. కలిపి, ఐదు ముక్కలు తీసుకుని, ఆ డబ్బుతో బల్ల మీది గుట్టల్లోంచి ఒక ముక్క కొని, అన్నీ పక్కన పడేసి మళ్లీ ఐదు తీసుకోవాలి. కట్ట అయిపోతే పక్కన పడేసినవాటినే, కొత్తగా కొన్నవాటితో సహా, కలిపి మళ్లీ కట్టగా పెట్టుకోవాలి. అసలు కీలకం ఈ చివరి నియమంలోనే ఉంది. పది ముక్కల్లోంచి ఐదింటిని 252 రకాలుగా తీయవచ్చు. వాటిలో 210 రకాల్లో మొదటి విడత మూడో నాలుగో నాణేలు వస్తాయి. మిగిలిన 42 రకాల్లో రెండో ఐదో. ఎలా వచ్చినా రెండు విడతల మొత్తం ఏడే, అందులో మార్పు లేదు. అదే పాచికలాగా, తీసిన ముక్కను వెంటనే కట్టలో పెట్టి మళ్లీ తీసే పద్ధతైతే నూటికి మూడుసార్లు ఒక్క నాణెమో, అదీ లేకుండానో ఉత్త చేతులతో కూర్చోవాల్సి వచ్చేది. ఐదూ కాపర్లే పడే అదృష్టం కూడా నూటికి 8 నుంచి 17కి ఎగబాకేది. ఇంట్లో మామూలు పేక ఉంటే ఎర్రవి ఏడు, నల్లవి మూడు తీసి పంచి చూడండి. రెండుకన్నా తక్కువ ఎర్రవి ఒక్కసారైనా పడవు. పాచికకు కిందటి పందెం గుర్తుండదు. కట్టకు మాత్రం ఏం బయటికి పోయిందో, లోపల ఏం మిగిలిందో లెక్క ఉంటుంది. చెడ్డ చేయి పడిందంటే మంచి ముక్కలు ఇంకా లోపలే ఉన్నాయన్నమాట.

దీంతో ఆట సగటులతో వ్యవహారం అవుతుంది. మొదటి కట్ట సగటు ముక్కకు 0.7 నాణెం, చేతికి మూడున్నర. రెండు నాణేల విలువైన సిల్వర్లు మూడు కొంటే పదమూడు ముక్కల్లో పదమూడు నాణేలు, చేతికి ఐదు. ఏమీ కొనకుండా మూడు ఎస్టేట్లనూ ఆటలోంచి తీసేసినా ఏడు ముక్కల్లో ఏడు నాణేలు, చేతికి మళ్లీ ఐదే! మూడు సిల్వర్లకు తొమ్మిది నాణేలు పోయాలి; ఒక విడతలో నాలుగు ముక్కల దాకా తీసిపారేసే చాపెల్ ఖరీదు రెండే. చాపెల్ తానూ కట్టలో చోటు తింటుంది, ఎస్టేట్లతో పాటు మూడు పాయింట్లూ పోతాయి. అయినా బేరం గట్టిదే. కొత్తగా ఆడేవాళ్లకు మాత్రం చేయి రాదు. ఉన్నదాన్ని వదులుకోవడానికి మనసెందుకు ఒప్పుకోదో కానెమన్, నెట్ష్, థాలర్ 1990లో ప్రచురించిన కప్పుల ప్రయోగాలు చూపించాయి: కప్పు చేతిలో ఉన్న విద్యార్థులు అమ్మడానికి అడిగిన ధర, లేనివాళ్లు కొనడానికి ఇస్తామన్న ధరకు దాదాపు రెట్టింపు. పేక ముక్కల మీద చేసిన ప్రయోగం కాదది, కానీ ఆ వెనకాడటం ఇదే కోవలోది అనుకుంటాను.

డబ్బు డబ్బును పెంచే ఆటలో ముందుపడ్డవాళ్లను ఇంకెవరు అందుకుంటారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మొదట్లో తెలివిగా కొన్నవాళ్లు తొందరగా బలపడతారు, సందేహం లేదు. కానీ గెలుపు పాయింట్లకు కొనేది ప్రావిన్స్. దాని ఖరీదు ఎనిమిది నాణేలు, విలువ ఆరు పాయింట్లు, చేతికి వచ్చినప్పుడు దాని కొనుగోలు శక్తి సున్నా. పదహారు ముక్కల్లో 26 నాణేలున్న కట్ట చేతికి సగటున 8.1 ఇస్తుంది. ఒక ప్రావిన్స్ చేరితే 7.6, రెండు చేరితే 7.2, మూడైతే 6.8. ఏ ముక్కలు గెలిపిస్తాయో అవే కాళ్లకు అడ్డం పడతాయి. వెనకబడ్డవాళ్ల కట్ట ఆ సమయానికి తేలిగ్గా ఉంటుంది. అందుకని ప్రావిన్సులు ఎప్పుడు మొదలుపెట్టాలనేదే ఆటలోకెల్లా మంచి ప్రశ్న. మరీ తొందరపడితే కట్ట చతికిలబడుతుంది, ఆలస్యం చేస్తే గుట్ట ఖాళీ అయి ఆట ముగుస్తుంది.

లెక్కలు వచ్చినవాళ్లదే రాజ్యమన్న ఆక్షేపణలో కొంత నిజముంది. దానికి విరుగుడు కూడా పెట్టెలోనే ఉంది: ఎనిమిదుంటే ప్రావిన్స్, ఆరుంటే గోల్డ్, మూడుంటే సిల్వర్ అన్న మూడు ముక్కల సూత్రం పట్టుకున్న పిల్లవాడు, అడ్డమైన ముక్కలన్నీ కొనుక్కున్న పెద్దవాణ్ని తరచూ మట్టికరిపిస్తాడు. ఎవరి కట్టలో వాళ్లు మునిగిపోతారు, బల్ల దగ్గర మాటే ఉండదన్న రెండో ఆక్షేపణకు నా దగ్గర సగం జవాబే ఉంది. ఎదుటివాళ్ల చేతిని మూడు ముక్కలకు కుదించే మిలీషియా వంటివి వేస్తే మాటలేం ఖర్మ, అలకలే వస్తాయి. మొదటి ముద్రణలో చాపెల్, మిలీషియా లాంటి 25 రకాల ముక్కల్లో ఒక్కో ఆటకు పదే వాడతారు, అంటే 32,68,760 కూర్పులు. చిన్నపిల్లలున్న ఇంట్లో కొరకరాని ముక్కలు పక్కనపెట్టి ఆడుకోవచ్చు.

ఇంత ఖరీదుపెట్టి విదేశీ పెట్టె కొనేకన్నా మన రమ్మీ చాలదా అంటారా? రమ్మీని తక్కువ చేయనక్కర్లేదు. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని మీద నడిచిన కేసులో 1960ల చివర్లోనే సుప్రీంకోర్టు దాన్ని ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటగా గుర్తించింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడం నేర్పేనని చెప్పింది. తేడా ఎక్కడంటే, రమ్మీలో పంచిన ప్రతిసారీ పాత శ్రమ తుడిచిపెట్టుకుపోతుంది. ఇక్కడ నాలుగో విడతలో చేసిన ఎంపిక పద్నాలుగో విడతలో మళ్లీ చేతికొస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లకైనా తన నిర్ణయం ఫలితం కళ్లెదుట కనపడుతుంది.

ఈ లెక్కలన్నీ కట్ట బాగా కలిస్తేనే నిలుస్తాయి. వాడిన ముక్కలు గుంపులుగానే పక్కకు పడతాయి కనుక బద్ధకంగా కలిపితే కాపర్లన్నీ ఒకచోట, ఎస్టేట్లన్నీ ఒకచోట వస్తాయి. 52 ముక్కల పేకను రెండు భాగాలు చేసి ఒకదాన్లోకి ఒకటి జారవిడిచే పద్ధతిలో కలిపితే ఏడుసార్లు కావాలని డేవ్ బేయర్, పెర్సీ డయకోనిస్ 1992లో చూపించారు. చేతిలో పట్టుకుని పైవి కిందికి వేస్తూ కలిపేదైతే అంతకు ఎన్నో రెట్లు కలపాలి. పిల్లల చేతులకు ఆ జారవిడిచే విద్య కుదరదు కాబట్టి ముక్కల్ని బోర్లా పరిచి రెండు అరచేతులతో నిమిషం పాటు కలియతిప్పనివ్వండి.