గట్టు మీది కిత్తనారతో క్రాఫ్ట్ మందు.. మన చిత్తూరులోనే తయారీ! కానీ ‘టెకీలా’ అని ఎందుకు పిలవకూడదు?

మాచర్ల నుంచి వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు వెళ్తే సాగర్ కుడి కాలువ నీళ్లు అందని మెట్ట పొలాలే ఎక్కువ. ఇలాంటి నేలల్లో గట్ల మీద కంచె కోసం పెట్టే మొక్క కిత్తనార. చూడ్డానికి కలబందకి పెద్దన్నలా ఉంటుంది కానీ కలబంద కాదు. అంచుల నిండా ముళ్లు, మట్ట చివర సూది. మేకలు కూడా దాని జోలికి పోవు. మహా అయితే నార తీసి తాళ్లు పేనుతారు, అంతకుమించి దీంతో పనేముంటుంది అనుకుంటాం.

అయితే ఇదే జాతి మొక్కతో చిత్తూరు జిల్లాలో ఓ చిన్న డిస్టిలరీ ఏకంగా మెక్సికో టెకీలా తరహా మందు తయారు చేసింది. దీని వెనుక ఉన్నది ఐఐటీ మద్రాస్ పూర్వ విద్యార్థి డెస్మండ్ నజరెత్. దక్కన్ పీఠభూమిలో పెరిగే కిత్తనారను తీసుకుని, ‘డెస్మండ్‌జీ’ పేరుతో 2011లో గోవా మార్కెట్లోకి దించారు.

ఇందులో అంత గొప్పేముంది అంటారా? ముందు జిన్ సంగతి చూద్దాం. ఎందుకంటే క్రాఫ్ట్ మందు అనగానే ఇప్పుడు అందరూ చెప్పే పేరు అదే.

జిన్‌లో మూల స్పిరిట్‌కు సొంత రుచి దాదాపు ఉండదు. రుచంతా అందులో వేసే దినుసులదే. జునిపర్ కాయ తప్పనిసరి, మిగతావి తయారీదారు ఇష్టం. ఫ్రాన్స్‌లోని కోనియాక్ ప్రాంతంలో 1996లో మొదలైన సిటడెల్ జిన్‌నే తీసుకోండి. 19 దినుసులు వేస్తారు. అందులో ధనియాలు, జీలకర్ర, యాలకులు, దాల్చినచెక్క, జాజికాయ, అనాస పువ్వు కూడా ఉన్నాయి. సగం మన పోపుల డబ్బానే! అక్కడ కోనియాక్ బ్రాందీని మార్చి 31 తర్వాత కాచకూడదని రూల్. మళ్లీ ద్రాక్ష కోతలు వచ్చేదాకా ఖాళీగా ఉండే రాగి బట్టీలనే ఈ జిన్‌కి వాడుకున్నారు.

కిత్తనార మందు ఇందుకు పూర్తిగా రివర్స్. బయటి దినుసులేవీ ఉండవు. రుచి మొత్తం మొక్కదే. అందుకే అసలు కష్టం బట్టీ దగ్గర కాదు, పొలంలోనే మొదలవుతుంది.

ఈ మొక్క జీవితంలో ఒక్కసారే పూస్తుంది. పూశాక చచ్చిపోతుంది. ఆ ఒక్క పూత కోసం ఏళ్ల తరబడి మట్టల మధ్య దుంపలాంటి బొడ్డెలో పిండిపదార్థాన్ని దాచుకుంటుంది. పూకాడ పైకి లేచిందంటే ఆ నిల్వంతా అందులోకే పోతుంది. కాబట్టి పూతకి ముందే కొట్టాలి. అంటే ఎనిమిది, పదేళ్లు ఆగి, సరిగ్గా ఆ టైమ్‌కి పట్టుకోవాలన్నమాట. మట్టలన్నీ నరికేస్తే మిగిలే బొడ్డె పెద్ద సైజు అనాస పండులా కనిపిస్తుంది. పదుల కిలోల బరువు తూగుతుంది.

దాన్ని పచ్చిగా పిండితే లాభం లేదు. అందులోని ఫ్రక్టాన్లను ఈస్ట్ నేరుగా తినలేదు. గంటల కొద్దీ వేడి మీద ఉడికిస్తేనే అవి విరిగి చక్కెరగా మారతాయి. ఉడికిన బొడ్డె వాసన కాల్చిన చిలగడదుంపని గుర్తుకు తెస్తుంది. తర్వాత నలిపి, రసం తీసి, పులియబెట్టి, బట్టీలో కాచాలి. ముందు వచ్చే ఘాటు ద్రవాన్ని, చివర్లో వచ్చే నీచు వాసనదాన్ని పక్కనపెట్టి, మధ్యది మాత్రమే ఉంచుకుంటారు. రుచిలో కొంచెం మట్టి వాసన, కొంచెం పచ్చి ఆకు, వెనకాల మిరియం ఘాటు. మన షాపుల్లో దొరికే బ్రాందీ, విస్కీలు ఎక్కువగా చెరకు మొలాసిస్ నుంచో, ధాన్యం నుంచో తీసిన స్పిరిట్‌తో చేసినవే. వాటితో పోలిస్తే ఇది వేరే లెక్క.

మరి ఇన్ని చేసి టెకీలా అని ఎందుకు పెట్టుకోలేదు?

దీనికి సమాధానం పల్నాడు రైతుకి ఈజీగానే అర్థమవుతుంది. గుంటూరు సన్నం మిర్చికి జీఐ గుర్తింపు ఉంది. వేరే ప్రాంతంలో పండిన కాయని ఆ పేరుతో అమ్మడం కుదరదు. టెకీలాదీ అదే కథ. 1974 నుంచే మెక్సికో ఆ పేరుకి రక్షణ తెచ్చుకుంది. హలిస్కో రాష్ట్రంతో పాటు మరో నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాల్లో, అదీ ‘బ్లూ వెబర్’ అనే ఒక్క రకం అగావే నుంచి తీస్తేనే టెకీలా. మనది అగావే అమెరికానా. ఊరూ వేరు, రకమూ వేరు. అందుకే సీసా మీద ‘అగావే’ అని మాత్రమే రాసుకున్నారు. నిజానికి ఇది కూడా మెక్సికో నుంచి వచ్చిన మొక్కే.

బట్టీ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది మాత్రం నాటుసారా. దానికి కారణం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. సారా కాపురాలు ఎలా కూల్చిందో చూసినవాళ్లకి ‘క్రాఫ్ట్’ అనే మాట చెప్పి ఒప్పించడం కష్టమే. ఒప్పుకోవాలని కూడా లేదు!

ఇది చదివి గట్టు మీది కిత్తనారతో ప్రయోగం చేద్దామనుకుంటే మాత్రం ఆగండి. లైసెన్స్ లేకుండా మందు కాయడం నేరం, జైలుకి పోతారు. పైగా దీని పచ్చి రసం ఒంటికి తగిలితే దురద, బొబ్బలు వస్తాయి. మిథనాల్ ప్రమాదం సరేసరి. పెక్టిన్ ఉన్న మొక్కలు పులిస్తే కొంత మిథనాల్ తయారవుతుంది, కిత్తనారలో అది కాస్త ఎక్కువే. అందుకే లైసెన్స్ ఉన్న డిస్టిలరీల్లో ల్యాబ్ టెస్ట్ చేశాకే సీసాలో పోస్తారు. ఇక కల్తీ సారాలో ప్రాణాలు తీసేది ఎక్కువగా బయటి నుంచి కలిపే పారిశ్రామిక మిథనాల్. 10 మిల్లీలీటర్లు లోపలికి పోయినా చూపు పోవచ్చు. రంగు, రుచి చూసి దాన్ని కనిపెట్టడం ఎవరివల్లా కాదు.