చెక్క దుమ్మును పుట్టినచోటే పట్టేద్దాం!

కొత్త ఇంటికి అల్మరాలు, వంటగది అరలు చేయించడమంటే సంబరమే. కానీ ఆ పని జరిగినన్నాళ్లూ ఇల్లంతా దుమ్మే! రంపం కింద రాలే పొట్టునైతే చీపురుతో ఎత్తేయొచ్చు. అసలు తంటా రౌటర్‌తోనే. చెక్క అంచులు నునుపుగా తీర్చడానికి, గాడి తీయడానికి వడ్రంగులు చేత్తో పట్టుకుని నడిపే మిషను ఇది. దీని బిట్ నిమిషానికి సుమారు 10 వేల నుంచి 30 వేల సార్లు తిరుగుతుంది. ఆ వేగానికి చెక్క పొట్టుగానే కాదు, పిండిలా కూడా లేస్తుంది.

'ఊడ్చేస్తే పోతుందిలే' అనుకుంటాం. కానీ కనపడే పొట్టు కన్నా కనపడని ధూళితోనే ముప్పు ఎక్కువ. అది గంటల తరబడి గాల్లో తేలుతుంది. పొడి చీపురు తగిలితే మళ్లీ లేస్తుంది.

తేలిగ్గా తీసుకోవద్దు

చెక్క ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఏళ్ల తరబడి పీల్చేవారికి ముక్కులోనూ, దాని చుట్టూ ఉండే గాలి గదుల్లోనూ ఈ జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. యూరోపియన్ యూనియన్ దేశాల్లోనైతే పనిచేసేచోట గట్టి చెక్కల ధూళి ఘనపు మీటరు గాలిలో 2 మిల్లీగ్రాములు దాటకూడదని 2023 నుంచి నిబంధన అమల్లో ఉంది.

మన ఇంట్లో నాలుగు వారాల పనికే క్యాన్సర్ వస్తుందని భయపడక్కర్లేదు. అయితే ఆస్తమా ఉన్నవారికి, పసిపిల్లలకు దగ్గు, ఆయాసం రావచ్చు. రోజూ ఇదే పనిలో ఉండే వడ్రంగి సంగతి వేరు. ఈ ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు... అతను పీల్చేది ఆ గాలే కదా!

బిట్ పక్కనే పైపు

మాస్కు మంచిదే, కానీ అది ఆఖరి కాపలా మాత్రమే. ముందు దుమ్మును లేచినచోటే లాగేయాలి. అందుకు రౌటర్ అడుగున బిట్ చుట్టూ ఒక ప్లాస్టిక్ తొడుగు బిగించి, దానికి వాక్యూమ్ పైపు తగిలిస్తారు. తొడుగు పారదర్శకంగా ఉంటే బిట్ ఎక్కడ కోస్తోందో కనిపిస్తుంది. చాలా రౌటర్లకు ఇవి విడిగా దొరుకుతాయి. బిగించేటప్పుడు ప్లగ్గు తీసేయడం మాత్రం మరవకూడదు.

ఇక్కడో తేడా ఉంది. పలక మధ్యలో గాడి తీసేటప్పుడు దుమ్ము అందులోనే చిక్కుకుంటుంది కాబట్టి పైనుంచి లాగితే చాలావరకు వచ్చేస్తుంది. అంచు తీర్చేటప్పుడు బిట్ ఒక పక్క ఖాళీగా ఉంటుంది. దుమ్ము పక్కకీ, కిందకీ చిమ్ముతుంది. అప్పుడు పై తొడుగు ఒక్కటే చాలదు. అంచు వెలుపల, బిట్‌కు ఎదురుగా మరో పైపు మూతి ఉండాలి.

మరికొన్ని మెలకువలు

• ఇల్లు ఊడ్చే మామూలు వాక్యూమ్ క్లీనర్ దీనికి ఇవ్వకండి. మెత్తటి ధూళికి ఫిల్టర్ పూడుకుపోతుంది, కొంత ధూళి వెనక నుంచి మళ్లీ గదిలోకే వస్తుంది. సన్నని ధూళిని ఆపే ఫిల్టర్ ఉన్న పెద్ద వాక్యూమ్ కావాలి.

• వాక్యూమ్‌కు ముందు మూత బిగించిన బకెట్‌తో చేసే 'సైక్లోన్' పెడితే పొట్టు చాలావరకు అందులోనే పడిపోతుంది. ఫిల్టర్ త్వరగా పూడుకోదు.

• పైపు అతుకుల దగ్గర గాలి పోతుంటే లాగే శక్తి తగ్గిపోతుంది. పైపును పైనుంచి వేలాడదీస్తే చేతికి అడ్డం రాదు.

• మొండి బిట్ చెక్కను కోయదు, రుద్దుతుంది. పదునైన బిట్ వాడాలి. లోతైన గాడిని ఒకేసారి కాక రెండు మూడు విడతల్లో తీయాలి.

• రౌటర్ కన్నా ముందే వాక్యూమ్ వేయాలి. రౌటర్ ఆపాక కూడా కాసేపు తిరగనివ్వాలి.

ఇంటివాళ్లు ఏం చేయాలి?

వీలైతే కోత పని డాబా మీదో, వరండాలోనో పెట్టించండి. గదిలో తప్పదంటే తలుపు సందులకు తడి గుడ్డ కట్టి, కిటికీలు తెరవండి. సాయంత్రం పొడి చీపురుకు బదులు తడి గుడ్డతో తుడవండి. బట్టల మీద దుమ్మును బ్లోయర్‌తో ఊదనివ్వకండి. ఆ చోట బీడీ, సిగరెట్ అసలే వద్దు. చెక్క పొట్టుకు నిప్పురవ్వ చాలు!

అన్నిటికన్నా ముఖ్యం, కూలీ మాట్లాడుకునే రోజే 'రౌటర్‌కు దుమ్ము లాగే తొడుగు ఉందా?' అని అడగడం. లేదంటే దాని అద్దెలోనో, ఖరీదులోనో కొంత మీరు భరిస్తామనండి. లామినేట్ రంగు కోసం పది షాపులు తిరుగుతాం. ఇంటిల్లిపాదీ పీల్చే గాలి కోసం, మన ఇల్లు తీర్చిదిద్దే మనిషి ఊపిరి కోసం ఆ ఒక్క మాట అడగలేమా!