నాలుగవ చక్రము

కారు పందెములను గూర్చి సంఘ పత్రికలో వ్రాయుట ఏమిటని మీలో కొందరు అనుకొనవచ్చును. మేమును మొదట అటులనే అనుకొన్నాము. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ చెంత విద్యుత్తుతో నడిచే ఫార్ములా-ఇ కార్ల పందెము జరిగినది. మరునాడు ఆదివారము ఆరాధన ముగియగానే మా యౌవనస్థులు వేపచెట్టు క్రింద చేరి ఆ ముచ్చటే చెప్పుకొనుచుండిరి. మందలింపబోయిన మేము, వారు ఫోనులో చూపినవి చూచుచు అక్కడనే కూర్చుండిపోయితిమి. ఫార్ములా-1 పందెము మధ్యలో కారు ఆపి టైర్లు మార్చే దృశ్యములవి.

కారు వచ్చి ఆగును. దాదాపు ఇరువదిమంది దాని చుట్టు సిద్ధముగా ఉందురు. ఒక్కొక్క చక్రము దగ్గర ముగ్గురు: ఒకరు నట్టు విప్పి బిగించువారు, ఒకరు పాత చక్రము లాగువారు, ఒకరు క్రొత్తది తొడుగువారు. ముందొకరు, వెనుకొకరు జాకీతో కారును ఎత్తుదురు. 2023లో ఖతార్ పందెములో మెక్‌లారెన్ జట్టువారు నాలుగు చక్రములను 1.80 సెకన్లలో మార్చిరి. మన ఊళ్ళలో ట్రాక్టరు టైరు పంక్చరయితే సగము పూట గడిచిపోవును గదా! అయితే మమ్మును ఆశ్చర్యపరచినది వేగము కాదు. అక్కడ ఏ మనిషియు ప్రక్కవాని పనిలో చెయ్యి పెట్టడు. ఎవరి పని ఏదో ముందుగానే నిర్ణయమైయుండును.

అట్టి జట్లు కూడ తప్పిపోయిన దినములున్నవి. 1999 సెప్టెంబరులో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్‌లో జరిగిన యూరోపియన్ గ్రాండ్ ప్రిలో ఫెరారి జట్టు డ్రైవరు ఎడ్డీ ఇర్విన్ టైర్లు మార్చుకొనుటకు లోపలికి వచ్చెను. మూడు చక్రములే ఉన్నవి. నాలుగవది అక్కడ లేదు! ప్రపంచమంతయు చూచుచుండగా కారు దాదాపు 28 సెకన్లు నిలిచిపోయెను. ఆ రోజు ఆయనకు ఏడవ స్థానము దక్కినది. ఆ కాలములో పాయింట్లు ఆరు స్థానములకే. ఆ సంవత్సరము ఛాంపియన్ పట్టము మికా హకినెన్‌కు 76 పాయింట్లతో దక్కగా, ఇర్విన్‌కు వచ్చినవి 74. ఆ ఒక్క చక్రము వలననే పోయినదని మేము అనము. పదహారు పందెములలో ఎన్నో జరుగును. అయినను డబ్బు, నిపుణత, యంత్రములు అన్నియు కలిగిన జట్టు దగ్గర ఒక టైరు కనబడకపోవుట చూచి మాకు నవ్వు రాలేదు. మా సండేస్కూలు గది జ్ఞాపకము వచ్చినది.

2014లో మందిరము వెనుక ఆ గదికి స్లాబు వేసితిమి. స్లాబు వేయు దినము ఎట్లుండునో మీకు తెలియును. కంకర, ఇసుక, సిమెంటు, నీళ్ళ డ్రమ్ములు, తట్టలు మోయువారు, మిల్లరు, మేస్త్రి. ఒకసారి మొదలుపెట్టిన తరువాత ఆపుటకు వీలు లేదు. మధ్యాహ్నము రెండు గంటలకు, మూడవ వంతు పని మిగిలియుండగా మిల్లరు ఆగిపోయెను. డీజిలు లేదు. బంకు పదునాలుగు కిలోమీటర్ల దూరము. డీజిలు వచ్చేసరికి వేసిన కాంక్రీటు గట్టిపడిపోయినది. ఈనాటికిని గట్టి వాన పడితే ఆ అతుకు దగ్గర నీళ్ళు కారును. క్రింద బకెట్టు పెట్టుదుము.

ఆ రోజు కూలీలు, విశ్వాసులు, స్త్రీలు అందరు చూచుచుండగా మేము ఇరువదేండ్ల ఒక యౌవనస్థుని కేకలు వేసితిమి. "డీజిలు సంగతి నీకు చెప్పలేదా?" అంటిమి. అతడు తల వంచుకొని వెళ్ళిపోయెను. మరుసటి ఆదివారము రాలేదు. తరువాత పొరుగు ఊరి మందిరమునకు వెళ్ళుచున్నాడని తెలిసినది. పోనిమ్మని ఊరకుంటిమి.

నిజమేమనగా, డీజిలు తెమ్మని మేము అతనికి చెప్పలేదు. ముందు రాత్రి ప్రార్థన తరువాత నలుగురిని చూచి "ఎవరైనా డీజిలు తెచ్చిపెట్టండి" అని అంటిమి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరకే అనలేదు.

కిరాణా కొట్టు, పాల కేంద్రము, కోళ్ళ షెడ్డు, వరికోత యంత్రము నడుపుకొను కుటుంబములు మన సంఘములలో ఎన్నో కలవు. దాణా ఎప్పుడు తెప్పించవలెనో, అరువు పుస్తకములో ఎవరు వ్రాయవలెనో తండ్రి మనస్సులోనే ఉండును. కొడుకుకు తెలియదు, కోడలికి తెలియదు. తప్పు జరిగినప్పుడు మాత్రము వారి మీదనే పడును. నిర్గమకాండము 18వ అధ్యాయములో యిత్రో తన అల్లుడైన మోషేకు చెప్పినది ఈ సంగతియే గదా. ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒక్కడే కూర్చుండి తీర్పు తీర్చుట అతనికిని మంచిది కాదు, ఎదుట నిలిచిన జనులకును మంచిది కాదు. ఆ అధ్యాయముపై మేము ఎన్నిసార్లు ప్రసంగించితిమో! స్లాబు నాటికి కూడ ప్రసంగించియే యుంటిమి.

ఈ పందెముల విద్య పందెములకే పరిమితము కాలేదు. లండనులోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో గుండె ఆపరేషను అయిన పసిబిడ్డలను ఐ.సి.యు.కు మార్చునప్పుడు ట్యూబులు, వైర్లు, మందులు, మాటలు అన్నియు ఒకేసారి చేతులు మారి పొరపాట్లు జరుగుచుండెను. అక్కడి వైద్యులు మార్టిన్ ఎలియట్, ఆలన్ గోల్డ్‌మన్ టీవీలో ఫార్ములా-1 చూచి, మనకు కావలసినది ఇదియే అనుకొని ఇటలీలోని ఫెరారి వారియొద్దకు వెళ్ళిరి. బాధ్యత ఒకరిది, పనికొక మనిషి, వరుస ముందే నిర్ణయము, మాటలు తక్కువ. ఈ పద్ధతి తెచ్చుకొనిరి. 2007లో ప్రచురించిన లెక్కల ప్రకారము, ఒక వైద్యుని నుండి మరొకనికి చెప్పక తప్పిపోవు సంగతులు దాదాపు సగమునకు తగ్గినవి.

అయితే మా మనస్సును గ్రుచ్చినది మరొక సంగతి. 2018లో ఆస్ట్రియా పందెములో మెర్సిడెస్ జట్టువారు టైర్లు మార్చవలసిన సమయములో లూయిస్ హామిల్టన్‌ను పిలువలేదు. మొదటి స్థానములో ఉన్నవాడు వెనుకబడిపోయెను. అప్పుడు ఆ జట్టు వ్యూహకర్త జేమ్స్ వౌల్స్ రేడియోలోనే, టీవీ చూచువారందరు వినుచుండగా, తప్పు తనదేనని ఒప్పుకొనెను. ఆయనను ఎవరును వెళ్ళగొట్టలేదు. నింద మనిషి మీద కాదు, సమస్య మీద వేయవలెనని ఆ జట్టు అధిపతి టోటో వుల్ఫ్ చెప్పు నియమము. ఆ జట్టు 2014 మొదలు 2021 వరకు వరుసగా ఎనిమిది సంవత్సరములు జట్ల ఛాంపియన్‌గా నిలిచినది. వౌల్స్ 2023లో విలియమ్స్ జట్టుకు అధిపతి ఆయెను.

ఆ వీడియో చూచిన వారములోనే మేము ఆ యౌవనస్థుని ఇంటికి వెళ్ళితిమి. ఇప్పుడతడు ఆటో నడుపుకొనుచున్నాడు, ఇద్దరు పిల్లలు. తప్పు మాదేనని చెప్పుటకు ఇంత కాలము పట్టినందుకు సిగ్గుపడితిమి. అతడు చాలసేపు మాట్లాడలేదు. తరువాత, "తిట్టినందుకు కాదు అయ్యగారూ, మా అమ్మ ఎదుట తిట్టినారు," అనెను. ఆ తల్లి ఇప్పుడు లేదు. దానికి మా యొద్ద జవాబు లేదు.

పోయిన వేసవిలో మందిరము ప్రక్కన మరుగుదొడ్లకు చిన్న స్లాబు వేసితిమి. ముందు సాయంకాలము ఒక కాగితము మీద పనికొక పేరు వ్రాయుచుండగా, గుమ్మము దగ్గర నిలిచియున్న అతడు, "డీజిలు ఎదుట నా పేరు వ్రాయండి అయ్యగారూ," అనెను. తెల్లవారి ఆరు గంటలకు ఆటోలో రెండు క్యాన్లు తెచ్చి మిల్లరు ప్రక్కన పెట్టెను. ఒక క్యాను అటులనే మిగిలిపోయినది.