ఖరగ్‌పూర్ నుండి విశాఖకు దూరమెంత?

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణమైన ఖరగ్‌పూర్‌లో సుభాష్‌పల్లి అనే పేట కలదు. ‘పల్లి’ అనగా వంగభాషలో పట్టణపు వాడ. తెలుగువారి చెవికి మాత్రం అది సొంత ఊరి పేరువలె వినిపిస్తుంది. ఈ పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. స్వస్థలంలో పెద్దవారికి ప్రాణం మీదికి వచ్చిందని కబురు అందితే, ఎంత త్వరగా చేరుకోగలమన్నది ఆ కుటుంబాలకు ఊహాప్రశ్న కాదు.

విమానంలో గంటన్నర అని చెప్పేవారున్నారు. అది అసత్యం కాదు. అయితే అది కలకత్తాకు చెల్లే లెక్క. కలకత్తా, విశాఖ విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గంలో దూరం సుమారు 770 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి ఆ దూరం గంటలోపు ప్రయాణమే. కాని నేలపై కదలిక, పైకెక్కుట, వేగం తగ్గించుకొని దిగుట కలుపుకొని వేళల పట్టికలో గంటన్నర వరకు చూపుతారు.

ఖరగ్‌పూర్‌కు పౌర విమానాశ్రయం లేదు. సమీపంలోని కలైకుండ వైమానికదళ స్థావరం. అందుచేత ప్రయాణీకుడు ముందుగా గమ్యానికి వెనుదిరిగి, ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్లు పోయి, కలకత్తా నగరాన్ని దాటి విమానాశ్రయం చేరాలి. పేటకూ, ఆ విమానాశ్రయానికీ నేతాజీ పేరే ఉన్నది గాని, నడుమ మూడు నాలుగు గంటల ప్రయాణమున్నది. అక్కడ నిరీక్షణ మరో రెండు గంటలు. విశాఖలో దిగి బయటపడేసరికి మొత్తం ఎనిమిది గంటలవుతుంది. అదీ వేళకు విమానం దొరికితే.

రైలులో ఖరగ్‌పూర్ నుండి విశాఖకు సుమారు 765 కిలోమీటర్లు. సూటిగా గీత గీస్తే 670 కిలోమీటర్లకు మించదు. కటక్, ఖుర్దా మీదుగా చిల్కా సరస్సును చుట్టివచ్చే పట్టాలు మిగిలిన దూరాన్ని కలుపుతాయి. 1977లో ప్రారంభమైన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ వంటి వేగవంతమైన బండికి ఇది సుమారు 11 గంటల ప్రయాణం. అనగా విమానం వలన మిగిలేది మూడు గంటలు.

ఆ మూడు గంటలూ అందరికీ మిగలవు. తూర్పుతీరపు రైలుమార్గం విజయవాడ నుండి కటక్ వరకు 1893–1896 మధ్య నిర్మితమైంది. 1902లో దాని ఉత్తరభాగం బెంగాల్ నాగపూర్ రైల్వే అధీనంలోకి వచ్చింది. ఆ సంస్థ కర్మాగారం ఖరగ్‌పూర్‌లో ఉండుటచేత శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల శ్రామికులు ఆ పట్టాల వెంటనే పనికి తరలిపోయారు. కావున అనేకుల సొంత ఊరు విశాఖ కాదు. విశాఖకు ఇవతలనే, ఖరగ్‌పూర్ వైపున ఉన్నది. శ్రీకాకుళం వెళ్లవలసినవాడు విశాఖలో విమానం దిగి సుమారు 110 కిలోమీటర్లు వెనుకకు రావాలి. ఇతనికి విమానమూ, రైలూ ఇంచుమించు సమానమే.

పలాస మనిషికి లెక్క తలక్రిందులవుతుంది. ఖరగ్‌పూర్ నుండి పలాసకు రైలులో సుమారు 560 కిలోమీటర్లు, ఎనిమిది తొమ్మిది గంటలు. విమానమెక్కినవాడు అదే సమయానికి విశాఖలో సామాను అందుకొని, దాదాపు 200 కిలోమీటర్ల దూరం తిరిగి వచ్చేందుకు బండి వెదుక్కుంటూ ఉంటాడు.